కాటా ఇంటి పావుకిలో

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. మొగుడు కొట్టు తెరిచి తుక్కు ఏరుకోవడంలో పడగానే, అత్తగారు స్నానానికి వెళ్ళగానే, పిల్లని చంకనేసుకుని వీధి చివరనున్న తల్లీబిడ్డల కేంద్రానికి వెళ్ళాలి. అత్తగారు తల తుడుచుకుంటూ బయటికొచ్చి కేకేసేలోపు జరగవలసింది జరిగిపోవాలి. రాజ్యాలు కూలదోయడానికి ఇంతకంటే పెద్ద పథకాలు వేస్తారు గానీ, ఆ ఇంట్లో ఈపాటి దానికి ధైర్యం కూడగట్టుకోవడానికే ఆవిడకి చాలా రోజులు పట్టింది.

ఆ ఇంటిని వీధిలో అందరూ కాటా ఇల్లంటారు. ముందు గది పాత ఇనుప సామాను కొట్టు, వెనక రెండు గదుల్లో కాపురం. కొట్టు ఎక్కడ అయిపోయి కాపురం ఎక్కడ మొదలవుతుందో కొత్తవాళ్ళకి అంతు పట్టదు. మంచం కింద సైకిలు చక్రాలు, వంటింటి అటక మీద ఫ్యాను రెక్కలు, తలుపు వెనక గొలుసుల చుట్టలు. గుమ్మం పక్కన కాటా, దాని పక్కన స్టూలు, స్టూలు మీద అత్తగారు. మామగారు పోయాక కొట్టు నిలబెట్టింది ఆవిడే. ఆవిడ చేత్తో ఎత్తి బరువు చెప్పిందంటే కాటా కూడా ఎదురు చెప్పదని వీధిలో పేరు. కాటా ఆవిడదే కాబట్టి అందులో వింతేమీ లేదు.

మనవరాలికి పావుకిలో అని ముద్దుపేరు పెట్టింది కూడా ఆవిడే. పుట్టినప్పుడు పిల్ల అరచేతిలో ఇమిడిపోయేలా ఉండేది. రెండేళ్ళు నిండినా ఆ పేరు ఇంకా అతికినట్టు సరిపోతూనే ఉంది, కోడలి దిగులంతా అదే. పిల్ల నాలుగడుగులు వేసి కూలబడుతుంది. నవ్వడం మొదలుపెట్టి మధ్యలో అలిసిపోయి మానేస్తుంది. జబ్బ పట్టుకుంటే తల్లి బొటనవేలూ చూపుడువేలూ కలుసుకుంటాయి.

కోడలికి మళ్ళీ నెలలు. వంగి లేస్తే చాలు, కళ్ళు చీకట్లు కమ్ముతాయి. కేంద్రం నడిపే టీచరమ్మ కొన్నాళ్ళ కిందట ఇంటికొచ్చి, ఆవిడ కింది రెప్ప లాగి చూసి, "ఒంట్లో ఇనుము బాగా తక్కువుందమ్మా" అంది. ఆ మాట స్టూలు మీదున్న అత్తగారికి సూటిగా తగిలింది.

"ఇనుము తక్కువా? ఎవరింట్లో? మా ఇంట్లోనా?"

"ఇంట్లో కాదు పెద్దమ్మా, ఒంట్లో."

"ఇంటినిండా ఇంత పడి ఉంటే ఒంట్లో ఎందుకు తగ్గుతుంది? చెప్పొచ్చావులే!"

టీచరమ్మ ఇచ్చిన ఎర్ర మాత్రలు నట్ల డబ్బాలోకి వెళ్ళాయి. అవి మింగితే కడుపులో బిడ్డ మరీ పెద్దదై కాన్పు కష్టమవుతుందని అత్తగారికి ఎవరో చెప్పారట. ఆ ఎవరో ఎవరని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఇక కేంద్రానికి వెళ్ళడం మాట ఎత్తకూడదు. అది లేనివాళ్ళ కోసం. "మనం వెళ్ళి అక్కడ గిన్నె పట్టుకుని నిలబడితే, రేపు మన గుమ్మంలోకి తుక్కెవడు తెస్తాడే? తినడానికే లేదు, మనకేమిస్తారని పక్క కొట్టుకి పోరూ?" అనేది. పైగా కేంద్రం తెరిచేది సరిగ్గా తుక్కు బండ్లు వచ్చే వేళకి, మూసేది అవి వెళ్ళే వేళకి. కొడుకు ఈ గొడవల్లో వేలు పెట్టడు. అమ్మ మాట్లాడితే అమ్మ వైపు చూస్తాడు, పెళ్ళాం మాట్లాడితే సైకిలు చక్రం వైపు చూస్తాడు.

కానీ ఇవాళ వెళ్ళి తీరాలి. కుళాయి దగ్గర టీచరమ్మ రహస్యంగా చెప్పింది. పై ఆఫీసు నుంచి మేడమ్ వస్తోంది, బండి కూడా తెస్తోంది. పెద్దాసుపత్రిలో బక్కచిక్కిన పిల్లల కోసం ఒక వార్డు తెరిచారు. మంచాలున్నాయి, నర్సులున్నారు, పాలూ గుడ్లూ ఉన్నాయి, లేనిది పిల్లలే. అందరూ ఇళ్ళల్లోనే చిక్కిపోతున్నారు గానీ ఎవరూ అక్కడికి వెళ్ళడం లేదు. తూకం పట్టికలో ఎర్ర గీత కిందికి వచ్చిన పిల్ల దొరికితే తల్లినీ బిడ్డనీ అప్పటికప్పుడు ఆ బండిలో తీసుకెళతారు.

"పిల్లకి తిండీ మందూ, నీకు రక్తం. నీ పిల్ల ఎర్ర గీత కిందే తూగుతుంది, కళ్ళు మూసుకుని చెప్తాను. ఎలాగోలా వచ్చి తూయించు, చాలు" అంది టీచరమ్మ.

చాలు అన్నది టీచరమ్మే, చెడగొట్టిందీ టీచరమ్మే. కోడలు రాదేమోనన్న బెంగ ఆవిడని నిలవనీయలేదు. కేంద్రం తెరవడానికి పరుగులాంటి నడకతో పోతూ, కాటా ఇంటి ముందు ఆగి గొంతు చించుకుంది.

"అమ్మాయీ! పావుకిలోని తూకానికి తీసుకురా! తూకం తక్కువైతే ఈ పూటే బండిలో ఆసుపత్రికి పంపించేస్తారు! పాలూ గుడ్లూ అన్నీ అక్కడే!"

అదే సమయంలో కొడుకు ఒక నూనె పీపాని సమ్మెటతో అణగగొడుతున్నాడు. స్టూలు మీదున్న అత్తగారికి సమ్మెట దెబ్బల మధ్య సందుల్లోంచి వినిపించినంతే వినిపించింది. పావుకిలో. తూకం తక్కువైతే. బండిలో పంపించేస్తారు.

అత్తగారు స్టూలు మీంచి లేచింది. తూకం గురించి ఆవిడకి తెలియంది లేదు. తూచిన సరుకు బండెక్కుతుంది, బండెక్కిన సరుకు కొలిమికి పోతుంది. అలా వెళ్ళిన సరుకు తిరిగి గుమ్మంలోకి రావడం ఆవిడ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. గబగబా కొడుకు దగ్గరికెళ్ళి చెవిలో చెప్పింది.

"తూకం తక్కువైతే మన పిల్లని పట్టుకుపోతారట్రా!"

"ఎవరమ్మా?"

"ఆఫీసువాళ్ళు. మనం పంపకపోతే వాళ్ళే ఇంటి మీదికొస్తారు. పంపాలి, కానీ తగ్గకూడదు."

కొడుక్కి లోకంలో చాలా సంగతులు తెలియవు గానీ, తూకం తగ్గకుండా చూసుకోవడమంటే మాత్రం తండ్రికి తగ్గ కొడుకు. సమ్మెట కింద పెట్టి ఆలోచనలో పడ్డాడు.

కోడలు లోపలినుంచి భయపడుతూ వచ్చేసరికి అత్తగారు చిరునవ్వుతో ఎదురొచ్చింది. "కేంద్రానికేగా? వెళ్ళు, వెళ్ళు. పిల్లని నేను తయారుచేస్తానులే. నువ్వు తల దువ్వుకో" అంది. కోడలు దువ్వెన కోసం లోపలికి వెళ్ళింది. ఇన్నాళ్ళూ ఈవిడని తను ఎంత తప్పుగా అనుకుందోనని సిగ్గేసింది కూడా.

అత్తగారు తలుపేసుకుని, గోనెసంచులు కుట్టే దబ్బనంతో, పిల్ల మందపాటి గౌను అంచు పొడుగునా రెండు వరసల వాషర్లు పెట్టి కుట్టేసింది. బయటికి ఒక్కటి కనబడితే ఒట్టు. కొడుకు తల్లికి చెప్పకుండా, పాత స్పీకరులోంచి పీకిన అయస్కాంతం ఒకటి తెచ్చాడు. చూడ్డానికి బిళ్ళంత ఉంటుంది, పట్టుకుంటే చెయ్యి దిగిపోతుంది. పిల్లని ముద్దుపెట్టుకునే నెపంతో గౌను గుండె జేబులో దాన్ని దింపి, పైన చేతిరుమాలు కుక్కాడు. ఇద్దరూ ఎవరికి వారే పిల్లని కాపాడేశామనుకుని గుమ్మంలో నిలబడి చేతులూపారు.

దారిలో కోడలు రెండుసార్లు ఆగింది. పిల్ల చంకలోంచి జారిపోతోంది. అనుమానం రాలేదా అంటే, రాలేదు. ఈ మధ్య ఆవిడకి నీళ్ళ బకెట్టు బరువే, గిన్నె బరువే, తలగడ కూడా బరువే. ఇప్పుడు పిల్ల కూడా బరువైందంటే నా ఒంట్లో అంతే మిగిలిందన్నమాట అనుకుంది. ఈ ఒక్క పూట ఓపిక పడితే బండి ఉంది కదా అని పళ్ళబిగువున నడిచింది.

బండి కేంద్రం ముందే ఉంది. వెనక తలుపు తెరిచి ఉంది, సీటు మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. దాన్ని చూడగానే కోడలికి ఏడుపొచ్చినంత పనైంది. లోపల ఒకే గది. గోడ మీద పళ్ళ బొమ్మలు పెచ్చులూడిపోయి ఏది ఏ పండో తెలియకుండా ఉన్నాయి. ఒక మూల ఇనుప బీరువా, బల్ల మీద అంకెలు చూపించే కొత్త తూకం యంత్రం. మేడమ్ నుదురు పట్టుకుని కూర్చుంది.

"పొద్దున్నుంచి తిరుగుతున్నాను. ఏ కేంద్రంలో చూసినా కుర్చీలే తప్ప మనుషుల్లేరు. ఖాళీ బండి వేసుకుని ఊరేగుతున్నాను. నాకొక్క ఎర్ర పిల్ల దొరకదా?" అంటోంది.

"దొరికింది మేడమ్" అంది టీచరమ్మ, పిల్లని చూసి ప్రాణం లేచొచ్చి. "ఒక్క క్షణం, గౌను తీసేసి..."

"ఈ చలిగాలిలో బట్టలిప్పితే జలుబు చేసి అది నా మీదికొస్తుంది. గౌను బరువెంత ఉంటుందిలెండి, పెట్టేయండి."

పెట్టేశారు. అంకెలు పరుగెత్తాయి. ఎర్ర గీత దాటాయి, పచ్చ గీత దాటాయి, ఆ పైన ఇంకో గీత ఉందని టీచరమ్మకే అప్పుడు గుర్తొచ్చింది, దాన్ని కూడా దాటి నిలబడ్డాయి. టీచరమ్మ పిల్ల మణికట్టు వైపు ఒకసారి, అంకెల వైపు ఒకసారి చూసింది. రెండూ ఒకే పిల్లవి అంటే నమ్మబుద్ధి కాలేదు.

మేడమ్ చూసింది అంకెలనే. నీరసంగా వెనక్కి వాలింది.

"ఏం తినిపిస్తున్నావమ్మా? ఈ వయసులో ఇంత బరువు మంచిది కాదు. తిండి తగ్గించు. పాలు ఒక్క పూటే ఇవ్వు. తీపి పూర్తిగా మానిపించు."

"అది ఏమీ తినదండీ" అంది కోడలు.

"తల్లులందరూ ఇదే మాట."

"కాదండీ, నిజంగా తినదు. నడవలేదండీ. ఒక్కసారి దాని చెయ్యి పట్టుకుని చూడండి."

"బరువు మోయలేక నడవలేకపోతోంది. అదేగా నేను చెప్పేది."

కోడలు పిల్ల చెయ్యి ఇంకా ఎత్తి పట్టుకునే ఉంది. ఈ పిల్ల చిక్కిపోతోందని చెప్పి ఇంట్లో నమ్మించలేకపోయింది. ఇక్కడ నమ్ముతారనుకుని వస్తే, యంత్రం అత్తగారి పక్షం చేరింది. తనకే మతి చలించిందేమో, పిల్ల నిజంగానే బొద్దుగా ఉందేమో అని ఒక క్షణం పాటు ఆవిడ పిల్ల ముఖంలోకి వెతికి చూసింది.

మేడమ్‌కి ఏదో ఒకటి పైకి పంపించాలి. ఎర్ర పిల్ల లేకపోతే పోయె, ఆరోగ్యమైన పిల్ల ఫోటో అయినా పంపుదామనుకుంది. బీరువా తలుపు మీద కేంద్రం పోస్టరు అంటించి ఉంది. "దాని పక్కన నిలబెట్టండి, రెండూ పడాలి" అంటూ ఫోను తీసింది. టీచరమ్మ పిల్లని బీరువా పక్కన నిలబెట్టబోతే, పిల్ల తూలి ముందుకి దాని మీద వాలింది.

ఠక్కుమంది.

పిల్ల గుండె భాగం బీరువాకి అతుక్కుపోయింది. టీచరమ్మ లాగింది, రాలేదు. పిల్ల బీరువాని రెండు చేతులా కౌగిలించుకున్నట్టు ఉండిపోయి, ఇదేదో ఆటనుకుని కిలకిలా నవ్వింది. ఈసారి మధ్యలో ఆపలేదు. పూర్తిగా నవ్వింది. కోడలు కంగారుగా అటునుంచి లాగింది, టీచరమ్మ ఇటునుంచి లాగింది. గౌను నిలువునా చిరిగింది. పిల్ల ఒక పక్కకి, జేబు బీరువాతో ఒక పక్కకి, అంచులోని వాషర్లన్నీ గలగలా నేల మీదికీ పోయాయి. ఒకటి దొర్లుకుంటూ మేడమ్ కుర్చీ కిందికెళ్ళి, కాసేపు గింగిరాలు తిరిగి పడుకుంది.

కోడలు చిరిగిన అంచు చేతిలోకి తీసుకుంది. ఆ దబ్బనం కుట్టు ఎవరిదో ఆవిడకి తెలుసు. పొద్దున గుమ్మంలో ఆ చిరునవ్వు కూడా గుర్తొచ్చింది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేదు. పైగా కోపం కంటే ముందు ఆశ వచ్చింది.

"ఇప్పుడు తూయండమ్మా! ఇప్పుడు తూయండి!" అంది.

గౌను లేకుండా చూస్తే పిల్ల ఒంటి మీద ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు. టీచరమ్మ బట్టలేని పిల్లని యంత్రం మీద కూర్చోబెట్టింది. అంకెలు వెలిగి, ఆరి, గజగజలాడి చివరికి సున్నా దగ్గర నిలబడ్డాయి.

మేడమ్ తన చేతిసంచి పెట్టి చూసింది. సున్నా. పక్కనున్న పూలకుండీ ఎత్తి పెట్టింది. సున్నా.

"అయస్కాంతంతో దగ్గరికొచ్చారు కదా, యంత్రం పోయింది" అంది.

"తూకం ఎందుకమ్మా? మీ కళ్ళతో చూడండి" అంది కోడలు.

మేడమ్ చూసింది. ఈసారి పిల్లనే చూసింది, చాలాసేపు చూసింది. "నాకు కనపడుతోందమ్మా. కానీ నా కళ్ళు చెప్తే అక్కడ చేర్చుకోరు. అంకె అడుగుతారు. అంకె లేకుండా తీసుకెళితే గుమ్మంలోంచే తిప్పి పంపిస్తారు. చేసి చూశాను, అందుకే చెప్తున్నాను" అంది. ఆవిడ చెడ్డదేమీ కాదు, అదే ఇంకా కష్టంగా ఉంది.

సరిగ్గా అప్పుడు అత్తగారు రొప్పుకుంటూ ఊడిపడింది, వెనక కొడుకు. వీధిలో బండి చూసి ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి.

"తీసుకుపోవద్దు! మా పిల్ల బరువుగానే ఉంది! నేను పూచీ!"

నేల నిండా వాషర్లు చూసి ఆగిపోయింది. టీచరమ్మ ఆ బండి ఎక్కడికో, అక్కడ ఏం పెడతారో, కోడలికి ఏం ఎక్కిస్తారో మొదటినుంచి చెప్పింది. ఈసారి సమ్మెట చప్పుడు లేదు, ప్రతి మాటా వినపడింది.

"తినిపించడానికా?" అంది అత్తగారు. "పంపించేస్తారంటే... పట్టుకుపోతారనుకున్నానే, అమ్మాయీ!" అని కోడలి చెయ్యి పట్టుకుంది. కోడలు చెయ్యి విడిపించుకోలేదు, పట్టుకోనూ లేదు.

అత్తగారు తేరుకుంది. తూకం చెడితే తూకంతోనే బాగుచేయాలని తప్ప ఆవిడకి వేరే దారి తెలియదు. "మా కాటా ఉంది మేడమ్! ఒరేయ్, పట్రా!" అంది. కొడుకు పరుగున వెళ్ళి, తోపుడుబండి మీద పెట్టుకుని కాటా తెచ్చాడు. దాని వెనకే సగం వీధి వచ్చింది. ఖాళీ సీసాలు అమ్ముకునే ఆవిడ అందరికంటే ముందు నిలబడింది.

మేడమ్ ముఖంలో కూడా ఆశ తొంగి చూసింది. అయినా పద్ధతి ప్రకారం పోవాలి. "ముందు దీన్ని చూద్దాం" అని, ముద్ర ఊడని కిలో పాలపొడి ప్యాకెట్టు తెప్పించి కాటా మీద పెట్టింది. ముల్లు లేచి ముప్పావు దగ్గర ఆగింది.

"తక్కువ చూపిస్తోందే?"

కొడుకు సైకిలు చక్రం కోసం చుట్టూ చూశాడు. అక్కడ లేదు. అత్తగారు మాత్రం తల దించుకుంది. వస్తూ దారిలో కదిలిపోయిందనో, చలికి బిగుసుకుందనో అనొచ్చు. అలాంటి సమాధానాలు ఆవిడ నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. కానీ బట్టలేకుండా వణుకుతున్న మనవరాలిని చూసింది.

"కిలోకి పావుకిలో తగ్గిస్తుందండీ" అంది మెల్లగా. "మా ఆయన ఉన్నప్పటి నుంచీ అంతే. కొనేవాళ్ళం కదండీ. మీరు ఆ పావు కలుపుకుని రాసుకోండి. లెక్క తప్పదు. నా మీద ఒట్టు."

గుమ్మంలో ఉన్నవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళుగా తాము మోసుకొచ్చిన తుక్కంతా వాళ్ళ కళ్ళ ముందు తిరిగింది. సీసాల ఆవిడ నోరు తెరిచి, పిల్లని చూసి, మళ్ళీ మూసుకుంది.

"పెద్దమ్మా, తక్కువ తూగే కాటా మీద పిల్ల తక్కువ తూగిందని నేనెలా రాయను?" అంది మేడమ్. పరువు పోయినందుకైనా పని జరుగుతుందనుకున్న అత్తగారు అక్కడే కూలబడింది.

మేడమ్ లేచింది. యంత్రం బాగైతే గానీ ఈ కేంద్రంలో ఏ పిల్లకీ తూకం లేదు, తూకం లేకపోతే బండి లేదు. "దీన్ని ఇప్పుడే పంపించాలి. ఆలస్యం చేస్తే పూర్తిగా పాడైపోతుంది. ఆసుపత్రి వెనకే మరమ్మతు చేసే చోటుంది, నేనే దింపేసి వెళతాను" అంది. యంత్రాన్ని ఇద్దరు జాగ్రత్తగా మోసుకెళ్ళి, తల్లీబిడ్డల కోసం పరిచిన దుప్పటి దానికే చుట్టి, సీటు మీద కూర్చోబెట్టి బెల్టు పెట్టారు. "గుంతల్లో మెల్లగా పోనీ, కుదుపు తగలకూడదు" అని మేడమ్ డ్రైవరుకి చెప్పింది. కోడలికి "బాగై రాగానే కబురు పెడతాం" అంది. ఎప్పుడని ఎవరూ అడగలేదు.

కోడలు కేంద్రం మెట్టు మీద కూర్చుంది. లేవాలనుకుంది గానీ కళ్ళు చీకట్లు కమ్మాయి. అత్తగారు వచ్చి పిల్లని రెండు చేతులా ఎత్తింది. జన్మలో మొదటిసారి ఆవిడ ఒక బరువు ఎత్తి అంకె చెప్పలేదు. పైటలో చుట్టి గుండెకి హత్తుకుంది.

"అమ్మాయీ, ఆ ఎర్ర మాత్రలు నట్ల డబ్బాలో ఉన్నాయే. పద, వెతికిస్తాను. ఇవాళే మింగుదువుగాని."

కొడుకు గొంతు సవరించుకున్నాడు. "ఆ డబ్బా నిన్ననే కొలిమి బండిలో వెళ్ళిపోయిందమ్మా."

మేడమ్ బండి కదిలింది. పావుకిలో నానమ్మ భుజం మీదనుంచి పుల్లలాంటి చెయ్యి చాపి దానికి టాటా చెప్పింది.

ఆ కేంద్రం తెరిచిన నాటి నుంచి, బాగోలేదనగానే అదే పూట బండెక్కి వైద్యానికి వెళ్ళింది ఆ తూకం యంత్రం ఒక్కటే.